తీగ మీద వేలు: కాయలు ఎందుకు కాస్తాయి, ఎంతవరకు కాయాలి

గిటార్ కొన్న మొదటి వారంలో ఎవరైనా అడిగేది ఒకటే, ఈ వేళ్ల నొప్పి ఎప్పుడు పోతుంది అని. దానికి వచ్చే జవాబు కూడా ఒకటే, కాయలు కాస్తే అదే పోతుందిలే అని. కర్నూలు చర్చిల్లో ఆదివారం ఆరాధనకి గిటార్ పట్టుకునే కుర్రాళ్ల దగ్గర్నుంచి అనంతపురంలో పిల్లల్ని వీణ క్లాసుకి పంపే తల్లుల దాకా ఈ మాట మీద ఎవరికీ అనుమానం ఉండదు. జవాబు తప్పేం కాదు, కాకపోతే సగమే. నొప్పి తగ్గేది చర్మం గట్టిపడినందుకు మాత్రమే కాదు, చెయ్యి నెమ్మదిగా తెలివి తెచ్చుకుని తక్కువ నొక్కడం నేర్చుకున్నందుకు కూడా. ఈ రెండో సగం చెప్పేవాళ్లు తక్కువ. అందుకే చాలామంది వేళ్లు కాయలు కాయించుకోవడమే సాధన అనుకుని, తోలు లేచిపోయేదాకా వాయించి, నెల తిరక్కుండానే గిటార్‌ని బీరువా మీదకి ఎక్కిస్తారు.

ముందు చర్మం సంగతి చూద్దాం. వేలి కొన మీదుండే తోలు ఒంట్లో మిగతా చోట్ల ఉండే తోలు లాంటిది కాదు. అరచేతుల్లో, అరికాళ్లలో, వేళ్ల కొనల్లో వెంట్రుకలుండవు, నూనె గ్రంథులుండవు, చెమట గ్రంథులు మాత్రం దండిగా ఉంటాయి, పైపొర మందంగా ఉంటుంది. ఆ పైపొర అడుగున ఎప్పుడూ కొత్త కణాలు పుడుతూ, పాతవాటిని పైకి నెడుతూ ఉంటాయి. పైకొచ్చేకొద్దీ అవి చదునుగా అయిపోయి, కెరటిన్ అనే గట్టి ప్రోటీన్‌తో నిండి, చచ్చి, పొరలు పొరలుగా పేరుకుని, చివరికి రాలిపోతాయి. మామూలు చర్మంలో ఈ ప్రయాణానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒకేచోట పదేపదే ఒత్తిడో రాపిడో పడితే అడుగున కణాల పుట్టుక జోరందుకుంటుంది, పైన చచ్చిన పొరలు మామూలు కంటే ఎక్కువగా పోగవుతాయి. కాయ అంటే అంతే. కొత్తగా మొలిచిన వస్తువు కాదు, ఉన్న పొరే మందమెక్కడం. ఈ నాలుగు నుంచి ఆరు వారాల లెక్క గుర్తుపెట్టుకుంటే మిగతావి చాలావరకు అర్థమవుతాయి. మూడు రోజుల్లో వేళ్లు గట్టిపడాలనుకోవడం ఎందుకు కుదరదో, ఎండాకాలం సెలవుల్లో రెండు నెలలు వాయిద్యం ముట్టకపోతే మళ్లీ మొదటికెందుకు వస్తుందో, రెండింటికీ కారణం ఇదే.

ఇక బొబ్బలు. బొబ్బకీ కాయకీ మూలం ఒకటే, మోతాదే తేడా. తీగ మీద వేలు జారేటప్పుడు పైపొరలు ఒకవైపు, కింది పొరలు ఇంకోవైపు లాగబడతాయి. ఆ లాగుడు చర్మం ఓర్చుకునే హద్దు దాటితే పొరల మధ్య చీలిక వచ్చి అందులో నీరు చేరుతుంది. హద్దులోపల ఉండి, మధ్యలో విశ్రాంతి కూడా దొరికితే అదే లాగుడు కాయగా మారుతుంది. అనంతపురం పల్లెల్లో శెనక్కాయ చెట్లు పీకే రోజుల్లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. సెలవులకి ఇంటికొచ్చిన కాలేజీ కుర్రాడు ఒక పూట పీకితే అరచేతులు బొబ్బలెక్కుతాయి, పక్క సాలులో ఉన్న ముసలామె రోజంతా పీకినా ఏమీ కాదు. ఆమె చర్మం గట్టిదే, కాదనలేం, కానీ చెట్టుని ఎక్కడ పట్టాలో, ఏ వాలులో లాగాలో కూడా ఆమెకి తెలుసు, కుర్రాడికి తెలీదు. వాయిద్యం విషయంలోనూ అంతే. మొదట్లో రోజుకి ఒకే బిగిన గంటన్నర కూర్చునే బదులు పదిహేను, ఇరవై నిమిషాలు రెండు మూడుసార్లు వాయిస్తే అదే సాధన జరుగుతుంది, బొబ్బలు రావు. బొబ్బ వచ్చిందంటే ఆ వేలు నాలుగైదు రోజులు పనికిరాదు, అంటే ఎక్కువ వాయించి తక్కువ నేర్చుకున్నట్టు.

తీగల మధ్య తేడా చాలామంది అనుకునే దానికంటే ఎక్కువ. ఎలక్ట్రిక్ గిటార్ మొదటి తీగ మందం సుమారు 0.25 మిల్లీమీటర్లు. మామూలు స్టీలు తీగల అకౌస్టిక్ గిటార్‌కి అది 0.30 దాకా ఉంటుంది, శ్రుతిలో బిగిస్తే ఆ ఒక్క తీగ మీదే దాదాపు 10 కిలోల లాగుడు ఉంటుంది. క్లాసికల్ గిటార్ నైలాన్ తీగ అయితే 0.7 మిల్లీమీటర్లు, దాని మీద సుమారు 7 కిలోలు. బిగువులో తేడా కొంతే, మందంలో మాత్రం రెట్టింపు పైన. వేలు అదే బలంతో నొక్కినా నైలాన్ తీగ ఆ బలాన్ని వెడల్పుగా పంచుతుంది, స్టీలు తీగ సన్నటి గీతలోకి దించుతుంది. కోసుకుపోయినట్టు అనిపించేది అందుకే. పిల్లలకి ముందుగా నైలాన్ తీగల గిటార్ గానీ, గిటార్ లాంటిదే చిన్న నాలుగు తీగల యుకులెలె గానీ ఇవ్వమని చెప్పడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే, ముద్దు చేయడం కాదు. ఇంకో లెక్క కూడా పనికొస్తుంది. తీగ బిగువు స్వరం పౌనఃపున్యానికి, అంటే తీగ సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో దానికి, వర్గంగా మారుతుంది కాబట్టి, గిటార్ మొత్తాన్ని ఒక సెమీటోన్, అంటే అర స్వరం, కిందకి దించితే బిగువు దాదాపు 11 శాతం తగ్గుతుంది, రెండు దించితే 20 శాతం. మొదటి రెండు నెలలు అలా దించి వాయిస్తే కొంపేం మునగదు, పక్కవాళ్లతో కలిసి వాయించాల్సి వచ్చినప్పుడు తీగలన్నింటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, కాపో, పెట్టుకుంటే సరిపోతుంది.

అసలు ఎంత నొక్కాలి అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవచ్చు. గిటార్ మెడ మీద తీగల కింద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలే మెట్లు, ఇంగ్లీషులో ఫ్రెట్లు. ఏదో ఒక మెట్టు దగ్గర తీగని అస్సలు నొక్కకుండా ఊరికే తాకి ఉంచాలి, కుడిచేత్తో మీటుతూ ఉండాలి. మొదట టక్‌టక్‌మని మొద్దు శబ్దం వస్తుంది. ఎడమ వేలి బరువు కొద్దికొద్దిగా పెంచుతూ పోతే జుయ్‌మని గరగర మొదలవుతుంది, ఇంకొంచెం పెంచితే ఉన్నట్టుండి స్వరం శుభ్రంగా పలుకుతుంది. అక్కడ ఆగిపోవాలి. అంతకు మించి వేసే బలమంతా వేలికి శిక్షే, నాదానికి ఒరిగేదేం లేదు, పైగా తీగ సాగి స్వరం కొంచెం పైకి పోతుంది కూడా. వేలు రెండు మెట్ల నడిమధ్య కాకుండా ముందున్న మెట్టుకి ఆనుకుని పెడితే ఆ బలం ఇంకా తగ్గుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది అవసరానికి మించి ఎన్నో రెట్లు నొక్కుతారు, భయం వల్ల, టెన్షన్ వల్ల, ఎక్కడ శబ్దం రాదోనని. నొక్కీ నొక్కీ బొటనవేలి మొదలు కూడా నొప్పెడుతోందంటే ఇదే జరుగుతోందని లెక్క.

కొన్నిసార్లు తప్పు వేలిది కాదు, వాయిద్యానిది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే గిటార్లలో తీగలు మెట్లకి మరీ ఎత్తుగా ఉంటాయి, దీన్నే వాయించేవాళ్లు యాక్షన్ ఎక్కువగా ఉందంటారు. పన్నెండో మెట్టు దగ్గర రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉండాల్సింది నాలుగైదు ఉంటే కొమ్ములు తిరిగినవాడైనా ఆపసోపాలు పడాల్సిందే. దాన్ని తెలిసినవాళ్ల చేత సెటప్ చేయించడానికి అయ్యే ఖర్చు, నేర్చుకోవడం మానేస్తే వృథా అయ్యే గిటార్ ధరలో చిన్న వాటా. ఇంగ్లాండ్ రాక్ బ్యాండ్ బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1965లో ఆయన ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా రేకుల మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కేది ఆ కుడి చెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలుముక్క అంటించాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు, తర్వాత్తర్వాత శ్రుతి కూడా కిందకి దించాడు. కాయ కాయడానికి చర్మమే లేని మనిషి నొక్కే బలాన్ని తగ్గించుకుంటూ పోయి దారి వెతుక్కున్నాడు. హెవీ మెటల్ సంగీతానికి ఆ బరువైన నాదం రావడంలో ఈ సర్దుబాటు పాత్ర కూడా ఉంది.

మన వీణ దగ్గరికొస్తే వ్యవహారం ఇంకా కష్టం. కర్నూలు శారద సంగీత కళాశాలలో చేరినవాళ్లైనా, ఇంటి దగ్గర టీచరమ్మ దగ్గర కూర్చున్నవాళ్లైనా, మొదటి పాఠాలైన సరళీ స్వరాలు దాటి, స్వరాన్ని ఊపుతూ పలికించే గమకాల్లోకి వచ్చాకే దీని అసలు రుచి చూస్తారు. వీణకి 24 మెట్లు, వాయించే తీగలు నాలుగు, పక్కన తాళానికి మూడు. స్వరం పలికించడానికి నొక్కితే సరిపోదు, గమకం కోసం అదే మెట్టు మీద తీగని పక్కకి లాగాలి, ఒక్కోసారి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు వచ్చేంత దూరం. లాగేకొద్దీ తీగ బిగుస్తుంది, బిగిసేకొద్దీ వేలిలోకి దిగుతుంది. పని చేసేది ముఖ్యంగా ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు. అందుకే ఏళ్ల తరబడి వాయించినవాళ్ల చెయ్యి వెల్లకిలా తిప్పి చూస్తే ఈ రెండు వేళ్ల కొనల మీదే అడ్డంగా గీత కనిపిస్తుంది, పెన్సిల్‌తో గీసినట్టు సన్నగా, కొందరికి తీగ మసి పట్టి నల్లగా. గీతకి రెండు పక్కలా తోలు కొంచెం ఉబ్బి, గట్టిగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రం మామూలు మనిషి వేళ్లలాగే మెత్తగా ఉంటాయి. వీణ పక్కన చిన్న గిన్నెలో కొబ్బరినూనె, అందులో దూదో గుడ్డ పీలికో పెట్టుకోవడం పాత అలవాటు, మధ్యమధ్యలో వేళ్లకి అద్దుకుంటారు. చూసేవాళ్లకి అది కాయలు మెత్తబరచడానికి అనిపించొచ్చు. అసలు పని రాపిడి తగ్గించడం. వేలు తీగ మీద జారాలి, తీగ వేలిని చీరకూడదు. నూనె ఎక్కువైతే పట్టు తప్పుతుంది, తీగ మీద మురికి పేరుకుంటుంది, అందుకే అద్దుకోవడమే తప్ప పూసుకోవడం ఉండదు.

ఏ వాయిద్యం వాయిస్తారో వేలు చూసి చెప్పొచ్చని అనడం ఊరికే కాదు. వయొలిన్‌కి మెట్లు లేవు, తీగ కింద నున్నటి చెక్క, బిగువూ తక్కువ, కాబట్టి నాలుగు వేళ్లకీ పల్చటి గట్టిదనం వస్తుందే గానీ గిటార్ వాళ్లంత లోతు గీతలు పడవు. మన పద్ధతిలో జారుడు గమకాలెక్కువ కాబట్టి కొందరు పౌడరో విభూతో కూడా రాసుకుంటారు. మాండలిన్‌లో స్టీలు తీగలు జంటలుగా ఉంటాయి, ఒక వేలు ఒకేసారి రెండు తీగలు నొక్కాలి, మొదట్లో నరకమే. పాలకొల్లు నుంచి వచ్చిన యు.శ్రీనివాస్ వాయించిన ఎలక్ట్రిక్ మాండలిన్‌కి జంటలు లేవు, ఐదు ఒంటి తీగలు, గమకానికి అదే వీలు. సరోద్‌లో ఎడమచేతి గోళ్లతో నొక్కుతారు, గోటికే గాడి పడుతుంది. సారంగిలో తీగకి తగిలేది గోటి మొదలు, కాయలు కాసేది అక్కడ. చిత్రవీణ వాయించేవాళ్లు చేతిలో కట్టె పట్టుకుని తీగ మీద జారుస్తారు కాబట్టి ఎడమ వేళ్లకి ఈ బాధే లేదు. ఇక కడప వైపు బ్రహ్మంగారి తత్వాలు పాడేవాళ్ల భుజం మీద ఉండే తంబురా అయినా, తాళ్లపాక విగ్రహంలో అన్నమయ్య పట్టుకున్నది అయినా, దాని తీగల్ని ఎవరూ నొక్కరు, ఊరికే మీటుతారు. గంటల తరబడి పాడినా వేళ్లకి ఏమీ కాదు, గొంతుకే శ్రమ.

రాయలసీమ వాతావరణం ఈ లెక్కలో ఒక పాత్ర పోషిస్తుంది. అనంతపురం దేశంలోనే వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకటి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, కర్నూలులో ఏప్రిల్, మే వచ్చిందంటే 40 డిగ్రీలు దాటడం మామూలే. గాలిలో తేమ లేనప్పుడు కాయ త్వరగా గట్టిపడుతుంది, నిజమే, కానీ అంతే త్వరగా ఎండి పగులుతుంది. పగిలిన అంచు తీగకి తట్టుకుని లేస్తుంది, కింద పచ్చిది బయటపడుతుంది. వాయించడం అయిపోయాక రాత్రి పడుకునే ముందు కొంచెం నూనెగానీ వ్యాసలైన్‌గానీ రాసుకుంటే కాయ కరిగిపోదు, పగలకుండా ఉంటుంది. తేమ ఎక్కువైనా చిక్కే. అంట్లు తోమి, బట్టలు ఉతికి లేచి నేరుగా వీణ ముందు కూర్చుంటే నీళ్లలో నానిన పైపొర ఉబ్బి మెత్తగా ఉంటుంది, తీగ లోతుగా దిగుతుంది, తోలు సులువుగా లేస్తుంది. అరగంట ఆగితే చాలు. ఎండ వాయిద్యాన్ని కూడా వదలదు. వీణ మెట్లని మైనంలోనే నిలబెడతారు, రేకుల ఇంట్లో మధ్యాహ్నం వేడికి ఆ మైనం మెత్తబడితే మెట్లు కదులుతాయి, మళ్లీ మేళం కట్టించుకోవాలి, అంటే మెట్లని శ్రుతికి సరిచేసి నిలబెట్టించుకోవాలి. పొడి గాలికి గిటార్ చెక్క కుంచించుకుపోతే మెట్ల కొనలు పక్కకి పొడుచుకొస్తాయి, చెయ్యి జారినప్పుడల్లా గీరుకుంటుంది. ఆ గీతలు సాధన వల్ల వచ్చినవని మురిసిపోవద్దు, మెట్ల అంచులు ఆకురాయితో రాయించాలి.

చిట్కాలకి లోటు లేదు. స్పిరిట్ రాయమనేవాళ్లు, వెనిగర్‌లో ముంచమనేవాళ్లు, ఖాళీగా ఉన్నప్పుడల్లా నాణెం అంచుకి వేళ్లు నొక్కమనేవాళ్లు ఉన్నారు. స్పిరిట్ చర్మాన్ని ఎండబెడుతుంది అంతే, కొత్త పొరలు పుట్టించదు. నాణెం మీద నొక్కుతూ కూర్చునే ఆ పది నిమిషాలేవో తీగ మీదే కూర్చుంటే కాయ కావాల్సిన చోటే కాస్తుంది, పాటా ముందుకి పోతుంది. కచేరీ మధ్యలో చర్మం లేస్తే సూపర్ గ్లూ వేసి అంటించుకున్న పెద్ద గిటారిస్టులున్న మాట నిజమే, అయితే అది ఆ పూట గడుపుకోవడానికి, రోజూ చేసే పని కాదు. ఇక లేచిన తోలుని పళ్లతో కొరికి లాగేయడం అన్నింటికంటే చెడ్డ అలవాటు. ఒక అంచు లాగితే పచ్చి చర్మం దాకా వస్తుంది. గోళ్లు రాసుకునే ఫైల్‌తో ఆ అంచుని సమం చేస్తే సరిపోతుంది. కాయ మరీ మందమైనా అంతే, నున్నగా పల్చగా ఉన్న కాయే మేలు, ఎత్తుగా బుడిపెలా లేచింది తీగకి అడ్డం పడుతుంది.

కాయలు కాస్తే స్పర్శ పోతుందా అన్న భయం చాలామందికి ఉంటుంది. అతి తేలికైన స్పర్శ, దూది తగిలినట్టుండేది, మందమైన పొర మీద కొంత మొద్దుబారుతుంది. కానీ చర్మం లోతులో కంపనాన్ని పసిగట్టే గ్రాహకాలు వేరే ఉన్నాయి, సెకనుకి 200, 300 కంపనాల దగ్గర అవి బాగా చురుగ్గా ఉంటాయి, తీగ మోగుతుంటే వేలికి తెలిసే గిలిగింత వాటి చలవే. కాయ వాటిని మూసెయ్యదు. మెదడులో జరిగేది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1995లో జర్మనీ పరిశోధకులు తీగ వాయిద్యాలు వాయించే తొమ్మిది మందిని మామూలు మనుషులతో పోల్చి చూసి, ఫలితాలు సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఎడమచేతి వేళ్ల స్పర్శకి మెదడు పైపొరలో కేటాయించిన చోటు వాయించేవాళ్లలో పెద్దదిగా కనిపించింది, చిటికెన వేలికి బాగా, బొటనవేలికి తక్కువగా. చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్లలో ఆ తేడా ఇంకా ఎక్కువ. పని చేసే వేలికే ఎక్కువ చోటు దొరికిందన్నమాట. తీగని ఎంత తక్కువ నొక్కితే సరిపోతుందో పసిగట్టడం ఇలాంటి స్పర్శ మీదే ఆధారపడి ఉంటుంది, అందుకే వేలిని చెక్కలా మొద్దుబార్చుకోవాలని చూడడం తెలివితక్కువ పని.

నొప్పుల్లో పట్టించుకోకూడనివి ఉన్నాయి, పట్టించుకోవాల్సినవీ ఉన్నాయి. మంట, ఎరుపు, ముట్టుకుంటే సలుపు, ఇవి మొదటి రెండు మూడు వారాలు మామూలే. వేలు వాచి చీము పట్టినా, వాయించడం ఆపి రోజులు గడిచినా కొన తిమ్మిరి వదలకపోయినా, మణికట్టు దాకా జివ్వుమని లాగుతున్నా అది కాయల సమస్య కాదు, డాక్టర్‌కి చూపించాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా వేళ్లలో స్పర్శ ఇప్పటికే తగ్గినవాళ్లు, వాయించాక రోజూ ఒకసారి వేళ్లు చూసుకోవాలి, ఎందుకంటే తెగినా నొప్పి తెలియకపోవచ్చు. దురద, చిన్న పొక్కులు వస్తుంటే తీగలకి పూసే నికెల్ పడటం లేదేమో చూడాలి, వయొలిన్ వాళ్లకైతే కమానుకి రాసే బంక, రోజిన్. తుప్పు పట్టిన తీగ సంగతి చెప్పనక్కర్లేదు, అది ఆకురాయే. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగలు తుడిస్తే చెమట ఉప్పు నిలవదు.

ఇంకొక తలనొప్పి ఈ కాలానిది. ఫోన్ టచ్ స్క్రీన్ పనిచేసేది వేలు విద్యుత్తుని ప్రసరింపజేయడం మీద, మధ్యలో ఎండిన మందపాటి పొర వస్తే ఎడమ చూపుడువేలు ఎన్నిసార్లు కొట్టినా ఫోన్ పలకకపోవచ్చు. రేషన్ డీలర్ దగ్గర మిషన్ మీదా అదే గొడవ, కూలి పనికి పోయేవాళ్లకీ మగ్గం నేసేవాళ్లకీ వేలిముద్రలు పడట్లేదన్న మాట తెలిసిందే, వీణ వాయించే చేతికీ ఆ ఇబ్బంది రావొచ్చు. వేలిముద్ర గీతల మూలం పైపొరలో కాదు, దాని కిందున్న చర్మంలో, అది మనిషి పుట్టకముందే ఏర్పడిపోతుంది. కాబట్టి కాయ గీతల్ని కప్పుతుందే గానీ చెరిపెయ్యదు, వాయించడం కొన్ని వారాలు ఆపితే పైపొర రాలి అవే గీతలు మళ్లీ తేలతాయి. అంతదాకా ఆగనక్కర్లేదు. ఆధార్‌లో పది వేళ్లూ, కంటిపాపలూ నమోదై ఉంటాయి, తీగలు నొక్కేది ఎడమ చెయ్యి కాబట్టి కుడి చెయ్యి పెడితే చాలావరకు పడుతుంది. అదీ పొడిగా ఉంటే తడిగుడ్డకి ఒకసారి వేలు అద్ది పెట్టాలి.